నాయనకు చెవి మిషన్: ఏ కంపెనీది తీసుకోవాలి? ధర పెరిగితే నిజంగా తేడా ఉంటుందా?

బేతంచెర్ల_బండలు
మా నాయనకు అరవై ఎనిమిది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపినాడు. జీవితమంతా కోత మిషన్ల పక్కనే, చెవుల్లో దూది కూడా పెట్టుకున్న మనిషి కాదు. ఇప్పుడు కర్నూలులో మా దగ్గరే ఉన్నాడు. పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ నరం వైపు లోపం అన్నారు. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గీతలో, తక్కువ ఫ్రీక్వెన్సీల (బొంగురు శబ్దాల) దగ్గర 35 డెసిబెల్స్ ఉన్న గీత 4000 హెర్ట్జ్‌ (సన్నటి శబ్దాల) దగ్గరికి వచ్చేసరికి 75కు పడిపోయింది. అంకె పెరిగేకొద్దీ లోపం ఎక్కువన్నట్టు.

ఒక షాపులో చెవి వెనక పెట్టుకునే మామూలు డిజిటల్ మిషన్ చూపించి జత నలభై వేలన్నారు. ఇంకో షాపులో సన్న వైరుతో స్పీకరు చెవిలోకి పోయే ఛార్జింగ్ రకం, జత రెండు లక్షల పైన. "ఇందులో చానెళ్లు ఎక్కువ, ఏఐ ఉంది" అని వీళ్లు, "పెద్దాయనకు అవన్నీ ఎందుకు సార్" అని వాళ్లు. ఫోనాక్, ఓటికాన్, సిగ్నియా, వైడెక్స్, రీసౌండ్, స్టార్కీ అని పేర్లు చదివి చదివి తల తిరుగుతోంది. వాడుతున్నవాళ్లు చెప్పండి, శబ్దం ఎట్ల ఉంటుంది? రోజూ వాడకంలో ఇబ్బంది యాడ వస్తుంది?

ఉగ్గాని_బజ్జీ
రెండు లక్షలకు సెకండ్ హ్యాండ్ కారు వస్తుందన్నా. హారన్ కూడా గట్టిగానే వినిపిస్తుంది.

గుంతకల్లు_లోకో
నేను రిటైరైన లోకో పైలట్‌ని. డీజిల్ ఇంజన్ల పుణ్యమా అని మీ నాయన గీతే నాదీ, 4000 దగ్గర గుంత. ముందు మామూలు మిషన్ వాడినా, ఇప్పుడు సిగ్నియా ఛార్జింగ్ రకం వాడుతున్నా.

శబ్దం సంగతి చెప్తా. కొత్తగా పెట్టుకున్నప్పుడు ఏ కంపెనీదైనా చిరాకే. ఫ్యాను, పేపర్ తిప్పిన చప్పుడు, కొళాయి, నా చెప్పులు, ఇవన్నీ మాటలకంటే ముందు చెవిలో పడతాయి. అన్నింటికంటే ఘోరం మన గొంతు మనకే డబ్బాలో మాట్లాడినట్టు వినిపించడం. సిగ్నియాలో మన గొంతును గుర్తుపట్టి దాన్ని వేరుగా తగ్గించే ఏర్పాటు ఉంది, 2017లో వచ్చిన ఎన్ఎక్స్ మోడల్ నుంచి పెడుతున్నారు. నేను మాట్లాడతా ఉంటే ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) దానికి నేర్పించినాడు. నాకు అది బాగా పనిచేసింది. ఇంక పప్పు చెక్కలు కొరికితే మాత్రం ఇప్పటికీ క్వారీలో బ్లాస్టింగే.

పాతదానికీ దీనికీ ఇంట్లో పెద్ద తేడా లేదు. పెళ్లిలో, బస్టాండులో తేడా ఉంది. అయితే ధరలో ఉన్నంత తేడా లేదు.

ఆదోని_పత్తి
మా మామకు మాటలు వినపడతాయి, అర్థం కావు. మార్కెట్ యార్డులో "పత్తి తెచ్చినారా" అంటే "కత్తి ఎందుకప్పా" అన్నాడట. పక్కన ఉన్న హమాలీలు రెండడుగులు వెనక్కి వేసినారు.

సీమ_ఆడియాలజిస్ట్
ఆదోని అన్న చెప్పిందే అసలు జబ్బు. అచ్చుల బలం తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, త, ప, క లాంటి హల్లుల ఆనవాళ్లు ఎక్కువగా పైన, 2000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. పైవైపు పోయినవాళ్లకు మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలీదు. అందుకే "గట్టిగా అరిస్తే చాలు కదా" అనేది పనిచేయదు. అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చులే.

బేతంచెర్ల గారూ, నేను కంపెనీ పేరు చివర అడుగుతా. ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి: ఆ రెండు షాపుల్లో ఎవరైనా రియల్ ఇయర్ పరీక్ష చేస్తామన్నారా? చెవిలోకి సన్నటి సిలికాన్ గొట్టం పెట్టి, దానిమీద మిషన్ పెట్టి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. మీ నాయన ఆడియోగ్రామ్‌కు ఎంత చేరాలో చెప్పే సూత్రాలు ఉన్నాయి, ఆస్ట్రేలియావాళ్ల ఎన్ఏఎల్-ఎన్ఎల్2 ఎక్కువగా వాడతారు. ఆ లక్ష్యానికీ కొలతకూ సరిపోయేదాకా సర్దాలి. ఇది చేయకుండా కంప్యూటర్‌లో ఆడియోగ్రామ్ ఎక్కించి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి సెట్టింగే పెట్టి పంపిస్తే, పై ఫ్రీక్వెన్సీలకు చాలాసార్లు కావాల్సినంత అందదు. రెండు లక్షల మిషన్ అయినా అంతే. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న ఆడియాలజిస్టేనా అన్నది కూడా చూసుకోండి. షాపులో కూర్చున్న ప్రతివాడూ ఆడియాలజిస్ట్ కాదు.

బేతంచెర్ల_బండలు
రెండుచోట్లా ఆ మాటే ఎత్తలేదు మేడమ్. ఒకాయన అయితే పెట్టేసి, వెనక నిలబడి చప్పట్లు కొట్టి "వినపడిందా సార్" అన్నాడు.

ఉగ్గాని_బజ్జీ
చప్పట్లు కొట్టింది అమ్ముడుపోయినందుకేమో.

కొండారెడ్డి_బురుజు
మేడమ్ చెప్పింది నిజమే కానీ "కంపెనీ చివర" అనేదానితో నేను ఏకీభవించను. నేను లాయర్‌ని, కోర్టు హాల్లో పని. ఒకేసారి నలుగురు మాట్లాడతారు, పైన ఫ్యాన్లు, బయట జనం. మామూలు మిషన్ బాగా ఫిట్టింగ్ చేయించుకునే వాడినా, కోర్టులో చేతులెత్తేసింది. ఫోనాక్‌వాళ్ల ఆడియో అనే మోడల్లో పైరకానికి మారినాక ఎదురుగా ఉన్నవాళ్ల మాట పట్టుకోగలుగుతున్నా. పైగా ఫోనాక్ మామూలు బ్లూటూత్‌తో కలుస్తుంది కాబట్టి ఏ ఆండ్రాయిడ్ ఫోనైనా సరే. క్లయింటు ఫోన్ చేస్తే నేరుగా రెండు చెవుల్లోకి వస్తుంది. చాలా కంపెనీలు ముందు ఐఫోన్‌కే చేసినాయి, ఆండ్రాయిడ్‌లో ఫలానా ఫోన్లకే అన్న పేచీ ఉండేది. కొనేముందు మీ ఫోన్‌తోనే కలిపి చూడండి.

ఇంకొకటి, వినికిడి యంత్రాలకు జీఎస్టీ లేదు. బిల్లులో మిషన్ మీద వేసుంటే ఎందుకని అడగండి.

సీమ_ఆడియాలజిస్ట్
లాయర్ గారూ, మీ పనికి అది సరైనదే. కానీ ఒక పరిశోధన చెప్పనివ్వండి. అమెరికాలో మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం, తక్కువ నుంచి ఓ మోస్తరు లోపం ఉన్న పెద్దవాళ్లకు రెండు పెద్ద కంపెనీల మామూలు మిషన్లు, ఖరీదైన మిషన్లు రెండూ జాగ్రత్తగా ఫిట్ చేసి ఒక్కో జత నెల చొప్పున వాడించింది. రోజువారీ జీవితంలో మాట అర్థం కావడంలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. 2014లో ప్రచురించారు. రెండు రకాలూ వాళ్లకు మేలే చేశాయి, అది మర్చిపోవద్దు.

కొండారెడ్డి_బురుజు
2014 నాటి చిప్పులతో 2024 చిప్పులకు తీర్పు రాయొద్దు మేడమ్. సాక్ష్యం పాతది.

సీమ_ఆడియాలజిస్ట్
ఒప్పుకుంటా. 2024లో ఫోనాక్ ఇన్ఫినియో స్ఫియర్‌లో గోలలోంచి మాటను విడదీయడానికే వేరే చిప్పు పెట్టారు. ఓటికాన్ కూడా 2021లో వచ్చిన మోర్ అనే మోడల్ నుంచి శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ (ఒక రకం ఏఐ) వాడుతోంది. గోలలో మేలు ఉంటుంది. కానీ ఆ స్ఫియర్ పద్ధతి నడిచినంతసేపు ఛార్జింగ్ తొందరగా దిగుతుంది, మిషన్ సైజు కూడా కొంచెం పెద్దది. నేను అడిగేది ఒకటే: పెద్దాయన రోజులో ఎన్ని గంటలు గోలలో గడుపుతారు? ఇల్లు, టీవీ, గుడి, సాయంత్రం అరుగు మీద నలుగురితో మాటలు అయితే మధ్యరకం చాలు. మిగిలిన డబ్బుతో రిమోట్ మైకు కొనుక్కోవచ్చు, మాట్లాడేవాళ్ల జేబుకు తగిలిస్తే దూరం నుంచి కూడా మాట నేరుగా చెవికి వస్తుంది. దూరం, గోల రెండూ కలిసిన చోట ఏ మిషన్ లోపలి మైకూ దానికి సాటి రాదు.

పెన్నా_గట్టు
కడప నుంచి. నేను వయొలిన్ వాయిస్తా, అందుకే నా బాధ వేరు. మాట కోసం చేసిన మిషన్లో తంబూర శ్రుతి మెల్లగా మాయమైపోతుంది. ఆగకుండా ఒకేలా మోగేదాన్ని మిషన్ గోల అనుకుని తగ్గించేస్తుంది! వేణువు పొడుగు స్వరం పట్టుకుంటే దాన్ని మిషన్ తానే వేసే ఈల అనుకుని వణికిస్తుంది. సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టించి, అందులో గోల తగ్గింపు, ఈల అదుపు రెండూ ఆపించుకున్నాక బతికినా.

శబ్దం సహజంగా ఉండటం వరకు నా ఓటు వైడెక్స్‌కే. మామూలుగా డిజిటల్ మిషన్లో శబ్దం లెక్కలు వేసుకుని బయటికి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం ఉంటుంది. చెవిలోకి నేరుగా దూరే శబ్దంతో అది కలిస్తే ఒక రకమైన లోహపు గీర వస్తుంది. వైడెక్స్ 2020లో మొమెంట్ అని తెచ్చింది, అందులో ఒక పద్ధతిలో ఆలస్యం అర మిల్లీసెకను లోపే. గాలి ఆడే డోమ్ (చెవిలో పెట్టే రబ్బరు బుడిపె) పెట్టుకునే తేలిక లోపం వాళ్లకే ఇది బాగా తెలుస్తుంది. చెవి కొలతకు చేసి, మొత్తం మూసే మోల్డ్ అయితే అంత తేడా ఉండదు.

గుంతకల్లు_లోకో
సంగీతం మాకెందుకప్పా, ఆయనకు బండల ఫ్యాక్టరీ చప్పుడే సంగీతం.

పెన్నా_గట్టు
టీవీలో పాత పాటలు వినే నాయనలు మీ గుంతకల్లులో లేరా సార్?

బేతంచెర్ల_బండలు
ఉన్నాడు, వింటాడు, పాడతాడు కూడా. అదే టెన్షన్.

అనంతపురం_ఎండ
ఎవరూ ఎండ గురించి మాట్లాడలేదే! మా అమ్మకు మిషన్ పెట్టించినాం. మే నెలలో మా దగ్గర పగలు 42, 43 డిగ్రీలు. రెండు కష్టాలు.

ఒకటి చెమట. చెవి వెనక కారి మైకు రంధ్రాల్లోకి పోతుంది. ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే రకం) అని రాసి ఉన్నది తీసుకున్నా, రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టాల్సిందే. డోమ్ దగ్గర గులిమి అడ్డుపడే చిన్న జల్లెడ ఉంటుంది, వ్యాక్స్ గార్డ్ అంటారు. "మిషన్ చెడిపోయింది" అని మేం గాభరా పడిన ప్రతిసారీ అడ్డం ఉన్నది అదే. మార్చుకోవడం ఇంట్లోనే నేర్చుకోండి.

రెండోది బ్యాటరీ. జింక్ ఎయిర్ సెల్లు గాలి పీల్చుకుని పనిచేస్తుంది. పొడి గాలిలో లోపలి తడి ఆరిపోయి తొందరగా చస్తుంది. మా అమ్మది 312 సైజు సెల్లు, గోధుమరంగు స్టిక్కరు. వానాకాలం వచ్చినంత రోజులు ఎండాకాలం రాదు. స్టిక్కరు పీకినాక వెంటనే మూత వేయకుండా ఒక నిమిషం పైన గాలికి వదిలి పెట్టండి. ఒకసారి పీకినాక తిరిగి అంటించినా లాభం లేదు.

ఆదోని_పత్తి
మా మామ పొదుపని రాత్రికి స్టిక్కరు తిరిగి అంటిస్తాడు. ఇది ఆయనకు చదివి వినిపించాలి. గట్టిగా.

గుంతకల్లు_లోకో
అందుకే ఛార్జింగ్ రకం. రాత్రి డబ్బాలో పెడితే పొద్దునకు నిండుతుంది, రోజంతా వస్తుంది. వణికే వేళ్లతో అంత చిన్న సెల్లు పట్టుకోవడం మా వయసువాళ్లకు నరకం.

అనంతపురం_ఎండ
రాత్రంతా కరెంటు పోతే?

గుంతకల్లు_లోకో
లోపలే బ్యాటరీ ఉండే ఛార్జర్ డబ్బాలు వస్తున్నాయి. లేదంటే పవర్ బ్యాంక్. కానీ ఒక మాట నిజం, లోపలి లిథియం బ్యాటరీ నాలుగైదేళ్లకు నీరసిస్తుంది, చాలావాటిలో మనం మార్చుకోలేం, కంపెనీకి పంపాలి. ఆ ఖర్చు ఎంతో, ఎన్ని రోజులు పడుతుందో కొనేరోజే అడగండి.

తాడిపత్రి_తమ్ముడు
ఇంత చర్చ ఎందుకు, ఆన్‌లైన్‌లో రెండు వేలకు వస్తుంది కదా? మా జేజికి అదే తెచ్చినా.

సీమ_ఆడియాలజిస్ట్
అది వినికిడి యంత్రం కాదు తమ్ముడూ, శబ్దం పెంచే పెట్టె. ఆడియోగ్రామ్‌తో దానికి పనిలేదు, అన్నీ ఒకేలా పెంచుతుంది. మీ జేజికి తక్కువ ఫ్రీక్వెన్సీలు బాగానే వినపడుతుంటే అవీ పెరిగి మాటను ఇంకా కప్పేస్తాయి. గిన్నె కిందపడితే ఆ చప్పుడుకు పై హద్దు కూడా సరిగా ఉండదు. ఉన్న చెవి కూడా దెబ్బతింటుంది.

తాడిపత్రి_తమ్ముడు
ఆమె దాన్ని ఎప్పుడో బీరువాలో పెట్టేసింది. "చెవిలో గాలివాన" అనింది. ఇప్పుడు అర్థమైంది. మరి అంత డబ్బు లేనోళ్ల సంగతి?

కడప_కారం
సదరం క్యాంపులో చూపించి 40 శాతం పైన వైకల్యం ధ్రువపత్రం వస్తే, ఆదాయం పరిమితి లోపు ఉంటే, కేంద్రం ఆడిప్ పథకం కింద మిషన్ ఇస్తారు. అలింకో సంస్థ క్యాంపులు పెట్టినప్పుడు పంచుతారు. మా పక్కింటాయనకు అట్లనే వచ్చింది. చెవి వెనక పెట్టుకునే సాదా డిజిటల్. ఆయనకు చెవికి కొలత తీసి చేసిన మోల్డ్ కూడా దొరికింది కాబట్టి వాడుతున్నాడు. అదే క్యాంపులో తీసుకుని మోల్డ్ సరిపోక, ఈల వేస్తోందని మూలన పడేసినోళ్లను కూడా చూసినా.

సీమ_ఆడియాలజిస్ట్
ఈల వచ్చేది లోపలికి పోవాల్సిన శబ్దం సందుల్లోంచి బయటికి కారి మళ్లీ మైకులో పడటం వల్ల. మిషన్ మార్చాల్సిన పనిలేదు, చాలాసార్లు మోల్డ్ మారిస్తే పోతుంది. ఇదే మాట బేతంచెర్ల గారికి కూడా పనికొస్తుంది. ఆయన తక్కువ ఫ్రీక్వెన్సీలు 35 దగ్గర ఉన్నాయి కాబట్టి చెవి గట్టిగా మూసే డోమ్ పెడితే సొంత గొంతు గుమ్మని మోగుతుంది. మరీ తెరిచి పెడితే 4000 దగ్గర కావాల్సినంత పెంచలేక ఈల వస్తుంది. ఈ మధ్య మార్గం పట్టుకోవడమే ఫిట్టింగ్‌లో సగం పని.

ఉగ్గాని_బజ్జీ
బ్రాండు గురించి వచ్చి రబ్బరు బుడిపె దగ్గర తేలినాం.

బేతంచెర్ల_బండలు
ముందు ఒక చెవికే కొని చూద్దామా అనుకుంటున్నా.

సీమ_ఆడియాలజిస్ట్
రెండు చెవులకూ ఒకేలా లోపం ఉంది కాబట్టి రెండూ పెట్టించండి. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తేల్చుకునేది రెండు చెవుల మధ్య తేడాతోనే. రోడ్డు దాటేటప్పుడు అది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఒకటే ఖరీదైనది కొనేకంటే మధ్యరకం జత మేలు.

గుంతకల్లు_లోకో
నేను ఒకదానితోనే మొదలుపెట్టినా. డబ్బు ఒకేసారి కుదరనోళ్లు ఏం చేస్తారు మేడమ్? అసలు లేనిదానికంటే ఒకటి నయం కాదా?

సీమ_ఆడియాలజిస్ట్
నయమే సార్, కాదనను.

కొండారెడ్డి_బురుజు
బేతంచెర్ల అన్నా, ఒక హెచ్చరిక. మా బావ బెంగళూరులో ఒక షాపులో తగ్గింపు ధరకు కొన్నాడు. ఊరికొచ్చాక ఇక్కడ సర్దించుకుందామంటే సాఫ్ట్‌వేర్‌కు తాళం వేసి అమ్మినారు, వాళ్ల బ్రాంచీలో తప్ప ఎవరూ తెరవలేరు. కొత్తలో తరచుగా సర్దించుకోవాలి, ప్రతిదానికీ బెంగళూరు బండెక్కాలి. "ఏ ఆడియాలజిస్ట్ అయినా ప్రోగ్రామ్ చేయొచ్చా?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

అనంతపురం_ఎండ
మాది ఫోన్ యాప్ ద్వారా దూరం నుంచే సర్దుతారు. చిన్న మార్పులకు బాగుంది. డోమ్ మార్చాలన్నా, శుభ్రం చేయాలన్నా మనిషి దగ్గరికి పోవాల్సిందే.

బేతంచెర్ల_బండలు
అప్‌డేట్. రియల్ ఇయర్ పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ కర్నూలులోనే దొరికినారు. రెండు కంపెనీల మధ్యరకం జతలు ట్రయల్‌కు ఇచ్చినారు, ఓటికాన్, సిగ్నియా. షాపు గదిలో రెండూ బాగానే ఉన్నాయన్నాడు నాయన. అక్కడ ఏదైనా బాగానే ఉంటుందని అర్థమై, సి.క్యాంప్ రైతుబజారుకు తీసుకుపోయినా. ఓటికాన్‌తో చుట్టూ అందరి గొంతులూ తెలుస్తున్నాయి, టమోటాలమ్మే ఆమె వెనకనుంచి పిలిచినా తిరిగినాడు, కానీ "మనుషులు ఎక్కువైపోయినారు" అని విసుక్కున్నాడు. సిగ్నియాతో ఎదురుగా ఉన్న నా మాట తేటగా ఉందట. ఇంట్లో పాట పాడుకున్నప్పుడు మాత్రం ఓటికానే నచ్చింది. నాకైతే సిగ్నియా, ఆయనకు ఓటికాన్.

పెన్నా_గట్టు
చెవి ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలి.

గుంతకల్లు_లోకో
"మనుషులు ఎక్కువైపోయినారు" అనేది కొన్ని వారాలు పోతే తగ్గుతుంది. ఏళ్ల తరబడి వినని శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడాలి. మొదట్లో ఇంట్లో కొన్ని గంటలు, తర్వాత బజారు. ముందే రైతుబజారుకు తీసుకుపోయినావు, గట్టి గుండె నీది.

బేతంచెర్ల_బండలు
ఓటికానే ఖాయం చేసినాం, జతగా, ఛార్జింగ్ రకం. తాళం లేదని బిల్లు మీద రాయించినా బురుజు అన్నా.

తాడిపత్రి_తమ్ముడు
హెల్మెట్ పెట్టుకుంటే పనిచేస్తుందా? అడిగేది మా చిన్నాయన కోసం.

అనంతపురం_ఎండ
చెవి వెనకదైతే హెల్మెట్ ఎక్కించేటప్పుడు, తీసేటప్పుడు ఊడిపోతుంది. మూసేసిన చోట ఈల కూడా వేస్తుంది. మా తమ్ముడు బండి మీద పోయేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకుంటాడు. పూర్తిగా చెవి లోపల పట్టే రకం అడిగి చూడండి, లోపం ఎంతో దాన్నిబట్టి ఇస్తారు.

డోన్_జంక్షన్
కొత్త సభ్యురాలిని. ఈ చర్చ మొత్తం చదివినా. మా అమ్మకు నిన్న పొద్దున లేచేసరికి కుడి చెవి వినపడటం లేదు, గుయ్ అని శబ్దం ఒకటే. నొప్పి లేదు. ఇట్లాంటిదానికి ఒక చెవి మిషన్‌లో ఏది మంచిది?

సీమ_ఆడియాలజిస్ట్
మిషన్ ఆలోచన ఇప్పుడు వద్దమ్మా. ఉన్నట్టుండి ఒక చెవి పోవడం అత్యవసరం. ఈరోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, రేపటిదాకా ఆగొద్దు. గులిమి అడ్డం కావచ్చు, నరం దెబ్బతిని ఉండొచ్చు, చూస్తే కానీ తెలీదు. నరమే అయితే స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. చెవిలో నూనె, చుక్కలు ఏవీ వేయకండి.

డోన్_జంక్షన్
కర్నూలు జనరల్ ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. ఏమైనా తీసుకుపోవాలా?

సీమ_ఆడియాలజిస్ట్
పాత ఆడియోగ్రామ్ ఉంటే అది. వాడుతున్న మందులన్నీ. షుగర్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది.